రెండు వైపుల నుంచి నడక

ముందటి ఏడాది ఆకులు రంగు తిరిగే రోజుల్లో మా వాళ్ళంతా కొండకు వెళ్ళారు, నన్ను తప్ప. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. వేర్‌హౌస్‌లో బ్రేక్ ఇచ్చినప్పుడు ఫోన్ తీస్తే స్టేటస్‌లో కనబడింది. ఎర్రటి చెట్ల ముందు ముగ్గురూ చేతులు చాపి నిలబడ్డారు. కింద 'ట్రెక్కింగ్ డే' అని పెట్టుకున్నారు.

ఇంటికొచ్చి అడిగాను. నాతో ఒకే గదిలో ఉండే గుంటూరు అమ్మాయి, "నీకు షిఫ్టుందనుకున్నామక్కా" అంది. నా షిఫ్టులు నాకంటే తనకే బాగా తెలుసు, నేను లేనప్పుడు గది తనది కాబట్టి. కాకినాడ అక్క, "పిలుద్దామనే అనుకున్నామమ్మా, హడావుడిలో మర్చిపోయాం" అంది. కారు నడిపిన వరంగల్ అబ్బాయి మాత్రం ఏమీ దాచుకోలేదు.

"కొండ ఎక్కుడు నీతోని కాదనుకున్నం" అన్నాడు.

మొదటి రెండు మాటలూ అబద్ధాలు కాబట్టి కొన్నాళ్ళకు చప్పబడిపోయాయి. మూడోది అతను నిజంగా అనుకున్న మాట. అది అలాగే ఉండిపోయింది.

అప్పుడు మేం కెనడాలో, టొరంటో పక్క స్కార్‌బరోలో ఉండేవాళ్ళం. కాలేజీలు పిల్లల్ని చేర్చుకునే ప్రతి ఇన్‌టేక్‌కీ విమానాల నిండా మనవాళ్ళే దిగుతున్న రోజులు. పక్క ఊరు ఒషావాలో కాలేజీ క్లాసు, క్లాసులో సగం మంది తెలుగువాళ్ళు, పక్కవాడు నోరు తెరిస్తే నెల్లూరా నిజామాబాదా అని పోల్చుకోవడమే మొదటి పాఠం. స్టూడెంట్లు వారానికి ఇరవై గంటలే పనిచేయాలన్న లిమిట్ ఎత్తేశారని అందరం దొరికిన షిఫ్టల్లా చేసేవాళ్ళం. గదులు దొరికేవి కావు. మా బేస్‌మెంట్‌లో ఉన్నది ముగ్గురం. నేను, గుంటూరు అమ్మాయి, మా ఇద్దరికంటే పెద్దదైన కాకినాడ అక్క. అక్క చదువు ముగించి ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో పనిచేసేది. ఆదివారం చర్చి మానేది కాదు. పైన ఇంటావిడ ఉండేది, ఆమె కూడా తెలుగావిడే. మేం మెట్లెక్కితే చప్పుడవుతుందని, స్నానం చేస్తే నీళ్ళు అయిపోతాయని అనేది. అన్నవన్నీ నాకు గుర్తే కానీ ఈ కథకు అక్కర్లేదు.

వరంగల్ అబ్బాయి అదే వీధిలో ఇంకో బేస్‌మెంట్‌లో ఉండేవాడు. నా క్లాస్‌మేట్. పాత కారు ఒకటి కొనుక్కుని ఫుడ్ డెలివరీ చేసేవాడు. ఆ కారును వేరేవాళ్ళను ముట్టనిచ్చేవాడు కాదు. నేను రోడ్ టెస్ట్ రెండోసారి ఫెయిలైన రోజు, "మేడంకు లైసెన్సు వచ్చేటాళ్ళకు మనందరికీ పీఆర్ వస్తది" అని క్లాసు గ్రూపులో పెట్టాడు. పీఆర్ అంటే ఇక్కడ స్థిరపడే పర్మిషన్, ఏళ్ళు పడుతుంది. నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి. ఎవరెవరు పెట్టారో ఇప్పటికీ చెప్పగలను. మూడోసారి పాసయ్యాను. ఆ రోజు ఒక్క బొమ్మ కూడా పడలేదు.

వాళ్ళ ట్రెక్కింగ్ ఫొటోల్ని నేను తీరిగ్గా చూశాను. వాళ్ళు వెళ్ళింది కాలింగ్‌వుడ్ దగ్గర, కొండ కింద స్కీయింగ్ వాళ్ళ కోసం కట్టిన ఊరికి. వాలు కప్పుల చెక్క ఇళ్ళు, కిటికీల కింద పూలతొట్లు, మధ్యలో చిన్న చెరువు. ఆల్ప్స్ పర్వతాల్లో ఊళ్ళు అలా ఉంటాయట. ప్రతి ఫొటోలోనూ కొండ వాళ్ళ వెనకాలే ఉంది. ఒక్క దాంట్లో కూడా వాళ్ళ కాళ్ళ కింద లేదు. చివరి నాలుగైదు ఫొటోల్లో ముగ్గురి చేతుల్లోనూ ఐస్‌క్రీములు. అంటే నన్ను వదిలేసి వెళ్ళి వీళ్ళెవరూ కొండ ఎక్కనే లేదు.

ఆ చలికాలమంతా ఒషావా బస్సులో కూర్చుని ఫోన్‌లో మ్యాపులు చూశాను. ఆ ఊరి వెనక కొండ ఎక్కితే పైన అడవి, తోటలు. అవతల లోయలోకి దిగితే అలాంటిదే ఇంకో ఊరు, దీనికంటే చిన్నది. రెంటినీ కలుపుతూ కాలిబాట ఉంది. చెట్ల మీద తెల్ల రంగు గీతలు వేసి ఉంటాయి, వాటిని పట్టుకుని పోవడమే. రెండు చోట్ల నిలువుగా ఎక్కాలి, మోకాళ్ళు పట్టేసేంత దిగాలి. పొద్దున మొదలుపెడితే చీకటి పడేలోగా చేరొచ్చు. ఆగి ఆగి నడిస్తే చేరలేం. వాళ్ళు ఆగిపోయిన చోట నా నడక మొదలవ్వాలనీ, వాళ్ళు నాతో రావాలనీ అప్పుడే అనుకున్నాను.

వేసవి చివర ఒక సాయంత్రం నలుగురం మా వంటగదిలో టీ తాగుతున్నప్పుడు చెప్పాను.

గుంటూరు అమ్మాయి మ్యాపు మీదికి వంగింది. "ఊరికీ ఊరికీ మధ్య దారేగా. ఎక్కడో ఒక టీ బంకు ఉంటదిలే అక్కా."

"ఉండదు."

"పోనీ కాళ్ళు నొప్పెడితే ఆటో లాంటిది?"

"అడివిలో ఆటో యాడ్నించి వస్తుంది?" అన్నాను.

వరంగల్ అబ్బాయి కప్పు కింద పెట్టాడు. "అయితే నేనొకటి అడుగుత. కారు ఈ ఊళ్ళె పెట్టి ఆ ఊరికి నడిచిపోతం. బాగుంది. మల్ల కారు కాడికి ఎట్లొస్తం? అట్నుంచి బస్సు లేదు. వచ్చిన దారిల వాపస్ నడుస్తవా?"

ఈ ప్రశ్న కోసమే నేను నెలల తరబడి ఎదురు చూశాను. కాగితం మీద రెండు ఊళ్ళూ గీసి చూపించాను. ఇద్దరు మొదటి ఊళ్ళో దిగుతారు. మిగతా ఇద్దరు కారు తీసుకుని చుట్టుదారిలో రెండో ఊరికి పోయి, కారు అక్కడ పెట్టి, అటు నుంచి ఎదురు నడుస్తారు. మధ్యలో ఒకరికొకరు కనబడతారు. మొదటి ఇద్దరు రెండో ఊరు చేరుకుని, అక్కడున్న కారు నడుపుకుంటూ మొదటి ఊరికొచ్చి మిగతా ఇద్దర్నీ ఎక్కించుకుంటారు. నలుగురూ మొత్తం దారి నడిచినట్టే.

అక్క కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగా కుదిరిందమ్మా. ఎవరు చెప్పారు నీకు?"

నాకెవరూ చెప్పలేదు. అది కూడా గుర్తుపెట్టుకున్నాను.

అతను కాగితం వైపు చూస్తూ, "పోయేటప్పుడు నేను నడుపుత. రెండోసారి ఎవరు నడుపుతరు?" అన్నాడు.

"నేను."

"ఇన్సూరెన్స్‌ల నీ పేరు లేదు."

"ఓనరు ఒప్పుకుని ఎప్పుడో ఒకసారి ఇస్తే చెల్లుతుంది. ఫోన్ చేసి కనుక్కో. నేను ఈడ్నే కూర్చుంటా."

మర్నాడు స్పీకర్ పెట్టి ఇన్సూరెన్స్ వాళ్ళకు ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి చెల్లుతుందనే చెప్పింది. అతను అదే ప్రశ్న ఇంకో రకంగా అడిగాడు. ఆమె అదే జవాబు చెప్పింది.

ఇక అందరికీ ఒక రోజు కుదరాలి. ఆదివారం అక్కకు చర్చి. శనివారం అతనికి ఆర్డర్లు ఎక్కువ. చివరికి అక్క, "ఒక్క శనివారం జనం వండుకు తింటార్లే బాబూ" అనడంతో సెప్టెంబరులో ఒక శనివారం ఖాయమైంది. జట్లు కూడా నేనే వేశాను. నేనూ గుంటూరు అమ్మాయీ మొదటి ఊళ్ళో దిగాలి. అతనూ అక్కా అవతలి నుంచి రావాలి. దారి మధ్యలో యాపిల్ తోట పక్కన ఒక మట్టిరోడ్డు అడ్డంగా వస్తుంది. అన్నం అక్కడ తినాలి.

కారుకు రెండు తాళం చెవులున్నాయి. ఒకటి అతని దగ్గర, రెండోది మా జట్టు దగ్గర ఉండాలి. గురువారం తెచ్చాడు. నేను చెయ్యి చాపాను. అతను నా పక్క నుంచి చెయ్యి పోనిచ్చి గుంటూరు అమ్మాయికి ఇచ్చాడు.

"నీ కాడ ఉంచు చెల్లె. ఆ ఊరు చేరినంక మేడంకు ఇయ్యి."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏమన్నా అని ఉంటే ఆ రోజే గొడవయ్యి నడక ఆగిపోయేది.

శుక్రవారం సాయంత్రం గుంటూరు అమ్మాయి వాళ్ళమ్మతో ఫోన్‌లో మాట్లాడింది. శనివారం తెల్లవారుజామున వర్జ్యం ఉందని, ఆ వేళ గడప దాటొద్దని ఆవిడ అంది. బయలుదేరక తప్పదని ఈ పిల్ల చెప్పింది. అలాగైతే ఇప్పుడు మంచి గడియ ఉంది, ప్రస్థానం పెట్టమంది ఆవిడ. మంచి వేళకు మనం కదలలేకపోతే మనతో వచ్చే వస్తువు ఒకటి ముందే ఇల్లు దాటించి పక్కింట్లో పెడతారు కదా, మర్నాడు పోతూ పోతూ తీసుకెళ్తారు. ప్రయాణానికి పనికొచ్చే వస్తువైతే మరీ మంచిదని కూడా ఆవిడ చెప్పిందట. నేనప్పుడు ఈవెనింగ్ షిఫ్టులో ఉన్నాను. ఈ సంగతేదీ నాకు తెలియదు.

తెల్లవారుజామున కారెక్కాం. దారిలో బారీ ఊరు దాటేదాకా అందరూ నిద్రమత్తులోనే ఉన్నారు. కొండ కింది ఊరు చేరేసరికి ఎండ వాలు కప్పుల మీద పడుతోంది. చెరువు మీద పొగమంచు ఇంకా విడలేదు. బ్యాగులు తగిలించుకున్నాం. అతను కారులోంచే అద్దం దించి గుంటూరు అమ్మాయిని అడిగాడు.

"చావి ఉన్నదా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. తర్వాత నేల వైపు చూసింది. "ఉందన్నా. పైన ఆంటీ వాళ్ళింట్లో ఉంది."

"ఆంటీ ఇంట్ల ఎందుకున్నది?"

"ప్రస్థానం పెట్టాను."

అక్క మెల్లిగా కారు దిగింది. "ప్రస్థానం అంటే పంచదారో బియ్యమో పెడతారు కదమ్మా, కారు తాళం పెట్టావేంటే?"

"ప్రయాణానికి పనికొచ్చేది పెట్టమంది మా అమ్మ. దానికన్నా పనికొచ్చేది ఏముందక్కా?"

ఇంటావిడకు ఫోన్ చేశాం. "మీ తాళం దేవుడి దగ్గర భద్రంగా ఉందమ్మా, బొట్టు కూడా పెట్టాను" అందావిడ.

అతను స్టీరింగ్ మీద చెయ్యి కొట్టాడు. "అయిపాయె. క్యాన్సిల్. ఇంటికి పోయి రావాల్నంటే సగం రోజు అయితది. ఈడ్నే జర ఎక్కి దిగుదాం, ఐస్‌క్రీం తిని పోదాం."

అది ముందటి ఏడాది వాళ్ళు చేసిన పని. నన్ను వదిలేసి చేసిన పనినే ఇప్పుడు నాతో చేయిస్తానంటున్నాడు. నాకు కోపం తలకెక్కింది కానీ గొంతు పెంచలేదు.

"తాళం నా చేతికిచ్చి ఉంటే నా జేబులో ఉండేది" అన్నాను. "సరే, అది వదిలెయ్. ఎట్లాగూ మధ్యలో కలుస్తాం. నీ తాళం అప్పుడియ్యి."

"కలవకపోతే?"

"దారి ఒకటే."

"అడివిల ఫోన్లు కూడా పనిచెయ్యవు. నేను నిన్ను దాటి పోయిన్ననుకో. నువ్వు ఆడ కారు కాడ ఖాళీ చేతులతోని నిలబడతవు, నేను ఈడ కారు లేక నిలబడత."

"మట్టిరోడ్డు దగ్గర ముందొచ్చినవాళ్ళు ఆగాలి. రెండోవాళ్ళు వచ్చేదాకా కదలకూడదు. తెల్ల గీతలు తప్ప వేరే దారి పట్టొద్దు. నీలం గీతలు కనబడతాయి, అవి పక్కదారులు."

"నాకు దారి నేర్పుతున్నవా?"

అక్క మళ్ళీ కారెక్కి బెల్టు పెట్టుకుంది. "పద బాబూ. మాట్లాడుకుంటూ కూర్చుంటే ఇక్కడే మధ్యాహ్నం అవుతుంది."

అతను నా వైపు చూడకుండా కారు తిప్పాడు. ఆ కారు మలుపు తిరిగి కనబడకుండా పోయాక నాకు కొంచెం భయం వేసింది. ఇది కుదరకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. చలికాలమంతా చెప్పుకుంటారు. నేను వేసిన ప్లాన్ అని, నేనే పట్టుబట్టానని. ఆ కారు తాళం నా చేతికి ఇక ఎప్పటికీ రాదు.

ఎక్కడం మొదలుపెట్టాం. చలికాలం మంచు మీద జారేవాళ్ళు దిగే వాలు అది. వేసవిలో గడ్డి పెరిగి మెత్తగా కనబడుతుంది కానీ కాలు పెడితే తెలుస్తుంది. గుంటూరు అమ్మాయి పదడుగులకోసారి ఆగి, "సారీ అక్కా" అనేది. "నడువు, ఊపిరి దానికి వాడు" అన్నాను. వేర్‌హౌస్‌లో రోజంతా కాంక్రీటు మీద నడిచే కాళ్ళు నావి. నాకు మెత్తటి నేల మీద నడవడం సుఖంగానే ఉంది. నడవలేనని వాళ్ళెందుకు అనుకున్నారో నాకు ఆ రోజు మరీ అర్థం కాలేదు.

పైకెక్కి వెనక్కి తిరిగితే కింద జార్జియన్ బే సరస్సు నీలంగా, అవతలి ఒడ్డు కనబడకుండా పరుచుకుని ఉంది. గుంటూరు అమ్మాయి బాపట్ల సముద్రం గుర్తొచ్చిందని కాసేపు నిలబడిపోయింది. ఆ తర్వాత అడవి. మేపుల్ చెట్ల మధ్య రాతి పగుళ్ళు, వాటిలో ఫెర్న్ మొక్కలు, పగుళ్ళలోంచి చల్లటి గాలి. కంచెలు అడ్డొచ్చిన చోట ఎక్కి దిగడానికి చెక్క నిచ్చెనలున్నాయి. నేను తెల్ల గీత ఒక్కటీ వదలకుండా చూసుకుంటూ నడిచాను.

మట్టిరోడ్డు చేరేసరికి అక్కడెవరూ లేరు.

మేమే ముందొచ్చామని సంతోషపడ్డాను. యాపిల్ తోట కంచె పక్కన కూర్చుని పులిహోర తిన్నాం. ఒక తెల్ల ముసలి జంట చేతికర్రలతో రెండో ఊరి వైపు నుంచి వచ్చి, మా పక్కనే కూర్చుని సాండ్‌విచ్‌లు తిన్నారు. ఎవరి కోసం చూస్తున్నారని అడిగారు. ఒక అబ్బాయి, పసుపు జాకెట్ వేసుకున్న ఒక ఆవిడ అని చెప్పాం. దారిలో అలాంటివాళ్ళు కనబడలేదని చెప్పి, మేం వచ్చిన వైపు వెళ్ళిపోయారు.

కనబడలేదన్న మాట నాకు నచ్చలేదు. అటు నుంచి వచ్చినవాళ్ళకు కనబడకుండా ఎక్కడున్నట్టు?

చాలాసేపైంది. చెట్ల నీడ రోడ్డు దాటి అవతలి పక్కకు వచ్చింది.

"ముందుకు పోదామక్కా" అంది గుంటూరు అమ్మాయి. "దారిలోనే కనబడతారు."

"ఆగాలని చెప్పింది నేనే."

"వాళ్ళు వెనక్కి పోయుంటే?"

"మనం కదిలిపోయాక వస్తే అడుగుతాడు, ఎందుకు ఆగలేదని. ఆ మాట నేను పడను."

మొండితనం అంటే అనొచ్చు. కానీ అక్కడ నాకు ఇంకో దారి లేదు. ముందుకు పోతే తాళం లేని కారు. వెనక్కి పోతే ఓడిపోయినట్టు. కూర్చున్నాను. ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి కళ్ళు మూసుకుంది.

అతను మా వెనక నుంచి వచ్చాడు. మేం వచ్చిన దారిలోనే, పరుగులాంటి నడకతో, ఒంటరిగా. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"అక్క ఏది?" అన్నాను.

"కూసున్నది. ఆ ముసలోళ్ళతోని." ఊపిరి తీసుకున్నాడు. "వ్యూ పాయింట్ అని బోర్డు ఉండె. అక్క వద్దనే అన్నది. నీలం గీతలే. పోయినం. అది తిరిగి తిరిగి ఈ రోడ్డు దాటినంక, మీరొచ్చిన దిక్కు, తెల్ల గీతలల్ల కలిసింది."

"తర్వాత?"

"మీరు ఇంకా ఎక్కుతనే ఉంటరనుకున్న. ఎదురొస్తరని నడిచినం. తినటానికి ఆగితే ముసలోళ్ళు వెనక నుంచి వచ్చి చెప్పిన్రు, ఇద్దరమ్మాయిలు రోడ్డు కాడ కూసున్నరని." మళ్ళీ ఆగాడు. "ఎప్పుడొచ్చిన్రు మీరు?"

"అన్నం తిని అరిగింది" అంది గుంటూరు అమ్మాయి.

అతను జేబులోంచి తాళం తీశాడు. ఈసారి ఎవరికివ్వాలని వెతుక్కోలేదు. నా ముందుకే చాపాడు. అది చెమటతో తడిగా ఉంది.

"బ్రేకు జర గట్టిగ తొక్కాలె. రివర్స్ కెమెరా పనిచెయ్యదు, తిరిగి చూసుకోవాలె."

"ఇంకేమన్నా ఉందా?"

"ఏం లేదు." నీళ్ళ సీసా అడిగి తీసుకుని సగం తాగేశాడు. "జల్దిగనే ఎక్కినవు నువ్వు."

సారీ అని అతను అనలేదు. ఆ మాట మాత్రం నా ముఖం చూసి అన్నాడు. నేను పులిహోర డబ్బా అతని చేతికిచ్చాను. నిలబడే నాలుగు ముద్దలు తిని, అక్క దగ్గరికి వచ్చిన దారిన వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరికీ కొంచెం దారే మిగిలింది. మాకు సగం మిగిలే ఉంది, వేళ మించిపోయింది.

ఆ సగమే కష్టమైన సగం. లోయ అంచు వెంబడి పడుతూ లేస్తూ పోయాం. ఒక చోట నిలువునా ఎక్కాక గుంటూరు అమ్మాయి నేల మీద పడుకుని, "ఇక్కడే ఉంటా, నువ్వు పోయి కారు తీసుకురా" అంది. కారు ఇక్కడికి రాదని చెప్పి లేపాను. ఆమె బ్యాగు కూడా నేనే వేసుకున్నాను. తాళం జేబులో ఉందో లేదో పైనుంచే తడిమి చూసుకుంటూ దిగాను. కింద లోయలో పచ్చటి కప్పులు, కదలకుండా వేలాడుతున్న స్కీ లిఫ్టు కుర్చీలు, ఖాళీ పార్కింగ్‌లో ఒక్క కారు. ఆ కారు అంత అందంగా నాకు ముందెప్పుడూ కనబడలేదు.

సీటు ముందుకు జరుపుకున్నాను. అద్దాలు సరిచేసుకున్నాను. చుట్టుదారిలో తోటల మధ్య, మలుపుల్లో, అస్తమిస్తున్న ఎండకు ఎదురుగా నడిపాను. బ్రేకు నిజంగానే గట్టిగా తొక్కాల్సి వచ్చింది. గుంటూరు అమ్మాయి పక్కన కూర్చుని ప్రతి మలుపుకూ "బా నడుపుతున్నావక్కా" అంటూనే ఉంది.

మొదటి ఊళ్ళో చెరువు పక్క బల్ల మీద వాళ్ళిద్దరూ కూర్చుని ఉన్నారు. అక్క బూట్లు విప్పి పాదాలు గాలికి పెట్టుకుంది. కారు చూసి అతను లేచాడు. మామూలుగా డ్రైవర్ తలుపు వైపు వచ్చి, నేను దిగుతానని నిలబడ్డాడు. నేను దిగలేదు.

అక్క వెనక తలుపు తీసి గుంటూరు అమ్మాయిని లోపలికి పిలిచింది. "నువ్వు నా పక్కకు రావే, నీ మీద కాళ్ళు పెట్టుకుంటాను. బాబూ, నువ్వు ముందు కూర్చో."

అతను చుట్టు తిరిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రోడ్డెక్కేటప్పుడు ఎడమ పక్క నుంచి బండి వస్తోందన్నాడు. చూశానన్నాను. హైవే మీదికి ఎక్కుతున్నప్పుడు తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు. అది నేను చూశాను, మర్చిపోలేదు కూడా. వెనక అక్క ఏదో కీర్తన సన్నగా పాడుకుంటోంది. బారీ దాటాక అతని చెయ్యి పిడి మీద నుంచి జారి ఒళ్ళో పడింది. మెడ పక్కకు వాలింది. తన కారులో వేరేవాళ్ళు నడుపుతుంటే నిద్రపోయాడు.

నేను రేడియో సౌండు తగ్గించి, నెమ్మదిగా పోయేవాళ్ళ కుడి లేన్‌లోకి మారాను.